పాలు పితుకు వేళ – పొదుగు క్షేమము



నిత్యాగ్నిహోత్రమునకు శాస్త్రము విధించిన వేళలు రెండు: సాయంకాలము, ప్రాతఃకాలము. ఆ హోమమునకు ముఖ్యద్రవ్యము ఆవుపాలు. అందుచే అగ్నిహోత్రియింట గోదోహనము కూడ ఆ వేళలను తప్పక జరుగుచుండెడిది. ఈ నియమము హోమమునకే గాక ఆవు దేహధర్మమునకును అనుకూలమైనది.

పొదుగున పాలు రేయింబవళ్లు ఊరుచునే యుండును. దూడ మూతి సోకినను, పరిచయమైన చేయి తాకినను, ఆవు మెదడు నుండి ఆక్సిటోసిన్ అను రసము రక్తమున చేరును. అప్పుడు ఆవు చేపును. ఆ చేపు కొద్ది నిమిషములే నిలుచును. నియతకాలమునకు అలవాటుపడిన ఆవు సులభముగా చేపును. బెదరిన ఆవు పాలు ఎగబట్టును.

పన్నెండు గంటల ఎడము మీరి పాలు తీయనిచో పొదుగు బిగియును, చనుమొనల నుండి పాలు కారును. తెరచుకొన్న ఆ దారిననే పేడలోను మట్టిలోను ఉన్న సూక్ష్మక్రిములు లోపల చేరును. నిలిచిన పాలే వానికి ఆహారము. ఇట్లు పొదుగువాపు కలుగును: పొదుగు వేడెక్కును, పాలు గడ్డలు కట్టును, ఆవు చేయి తాకనీయదు. ఒక్కపూట ఆలస్యమైనంతనే వ్యాధి తప్పదని కాదు. ఆలస్యమే అలవాటైనచో వ్యాధికి వాకిలి తెరచినట్లే.

పూర్వపు వరంగల్లు జిల్లా నుండి 2016లో ఏర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో ఒకటిరెండు పాడిపశువులే ఆధారముగా గల ఇండ్లు కలవు. ప్రత్తి తీయు దినములలో ఇల్లాలు చేను నుండి వచ్చుసరికి పొద్దుపోవును. మహాశివరాత్రికి పాలకుర్తి సోమేశ్వరుని, కురవి వీరభద్రుని, కాళేశ్వర ముక్తీశ్వరుని దర్శింప ఇంటిల్లిపాది కదలినచో పితుకువారే ఉండరు. దూడను విడిచితిమి గదా యని ఊరట చెందరాదు. పాలు మెండుగా ఇచ్చు ఆవు పొదుగును చిన్న దూడ ఖాళీ చేయజాలదు. బిగిసిన పొదుగుతో మూగజీవి మన రాకకై ఎదురుచూచుచుండగా మన దర్శనఫలము నిండుగా దక్కునా?

కావున ప్రయాణమునకు ముందే, పితుకనేర్చిన పొరుగువారిచే రెండు మూడు పూటలు పితికించి, వారి చేతిని ఆవుకు అలవాటు చేయవలెను. చన్నులు కడిగి తుడువవలెను. మొదటిధారలు నల్లని గిన్నెలో పట్టి గడ్డలున్నవేమో పరికింపవలెను. పితికిన పిదప చనురంధ్రము మూతపడుటకు కొంత కాలము పట్టును గనుక, ఆవు వెంటనే పండుకొనకుండ మేత వేయవలెను. వాపు కనబడిననాడే పశువైద్యునికి చూపవలెను. మందు వాడిన ఆవు పాలు, వైద్యుడు చెప్పిన గడువు తీరువరకు, దేవుని అభిషేకమునకైనను మనుజుని ఆహారమునకైనను వాడరాదు.

సంధ్యావందనమున వేళ మీరినచో ప్రాయశ్చిత్తార్ఘ్యము కలదు. చెడిపోయిన చన్నుకు అట్టి ప్రాయశ్చిత్తము అరుదు. వేళకు పితుకుటయే మనము చేయదగిన గోసేవ.