అప్పుడే లేచిన కోడిపిల్లల ఆపదలు

కోడిపెట్ట గుడ్లపై కూర్చున్న 21వ దినమున పిల్లలు లేచును. లేచినవానిలో ఏడెనిమిది చురుకుగా తిరుగుచుండగా ఒకటి రెండు తలలు వ్రేలవేసి గంప మూల పడియుండుటయు, ఇంకొక గుడ్డు బీటవారి లోపలినుండి కిచకిచ వినవచ్చుచున్నను పిల్ల వెలికి రాకుండుటయు పల్లెటూళ్లలో తరచుగా చూచునదే. వీనిని విధికి వదలువారు కొందరు. తొందరపడి చేయరానిది చేసి చంపుకొనువారు కొందరు. పదింటిలో నాలుగు పోయినచో పెట్టను సాకిన ఇల్లాలికి అది చిన్న నష్టము కాదు. ఆ గుడ్లు, సంతలో ఆ పుంజు తెచ్చు రూపాయలు ఆమె చేతి సొమ్ము. కావున మొదటి వారమున ఏది చేయదగునో, ఏది చేయరాదో ఇందు వివరింపనెంచితిమి.

మొదట పెంకులోని పిల్ల సంగతి. 19, 20 దినములనాటికి పిల్ల గుడ్డు వెడల్పు కొననున్న గాలిగదిలోనికి ముక్కు చొప్పించి ఊపిరి తీయనారంభించును. అటుపిమ్మట పెంకును లోపలినుండి పొడిచి చిన్న బీట చేయును. బీట పడిన పిదప పిల్ల వెలువడుటకు 12 మొదలు 24 గంటలు పట్టవచ్చును. ఈ నడిమి కాలమున అది కదలక పడియున్నట్లు తోచును గాని ఊరకుండుట లేదు. పెంకు లోపలి పొరయందలి నాళములలోని నెత్తురు దాని దేహమును చేరుచుండును. మిగిలిన పచ్చసొన బొడ్డుగుండ కడుపులోనికి పోవుచుండును. ఈ రెండు పనులును ముగియక మునుపే జాలిగొని పెంకు ఒలిచినచో నెత్తురు కారి పిల్ల చచ్చును. జాలి వలన చచ్చు పిల్లలు జబ్బు వలన చచ్చువానికంటె తక్కువ కావేమోయని మాకు అప్పుడప్పుడు తోచును.

అయినను తోడ్పడదగిన సమయము ఒకటి కలదు. బీట పడి 24 గంటలు దాటినది, పని ముందుకు సాగలేదు, పొర ఎండి గోధుమవన్నెకు తిరిగి పిల్లకు అంటుకొనిపోయినది. అట్టి పిల్ల తనంత తాను రాలేదు. అప్పుడు గోరువెచ్చని నీటిలో తడిపి పిండిన దూదితో పొరను మెత్తబరచి, బీట యొద్దనుండి వెడల్పు కొన చుట్టును పెంకును కొంచెము కొంచెముగా తీయవలెను. ముక్కు రంధ్రములు తడువరాదు. నెత్తుటి చుక్క కనబడినచో ఆ క్షణముననే చేయి తీసివేసి, గుడ్డును మరల వెచ్చని తావున ఉంచి కొన్ని గంటలు ఆగవలెను. పైమూత తొలగిన పిదప తక్కిన పని పిల్లకే విడువవలెను. కాళ్లతో తన్నుకొని అదియే వచ్చును. బొడ్డునుండి వ్రేలాడు పోగును లాగుట గాని కోయుట గాని కూడదు.

ఇక వెలువడిన పిల్లను గూర్చి. కొత్త పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకొనలేదు. నూగు స్థానమున ఈకలు వచ్చువరకు దానికి తల్లి రెక్కయే ఇల్లు. కావున సొమ్మసిల్లిన పిల్లకు మొదటి మందు వెచ్చదనము; తిండి కాదు, నీరును కాదు. చల్లబడిన పిల్ల నోట ఏమి వేసినను దానికి జీర్ణము కాదు. పొదుగుడు కోడి ఇంటనో పొరుగింటనో ఉన్నచో రాత్రివేళ, చీకటిలో, ఆ పిల్లను దాని పొట్టక్రిందికి జార్చుట మేలు. పగటివేళ పరాయి పిల్లను పొడిచి తరుము పెట్టలు రాత్రి చేరినదానిని తమదిగానే ఎంచుట కద్దు.

తల్లి లేని పిల్లల గతి వేరు. హైదరాబాదు రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ మొదలగు జాతుల పిల్లలను ఒకనాటి వయసుననే అట్టపెట్టెలలో తెచ్చి గ్రామములలో పంచుచుందురు. కడుపులోని పచ్చసొన రెండు మూడు దినములు ఆహారమగుటచేతనే ఈ ప్రయాణము సాధ్యమగుచున్నది. వీనికి విద్యుద్దీపము క్రింద వేడి కల్పింపవలెను. మొదటి వారము పిల్లల వీపు ఎత్తున 35 డిగ్రీల సెంటిగ్రేడు. పిదప వారమునకు సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గింపు. ఉష్ణమాపకము లేనివారు పిల్లలను చూచినను చాలును. దీపము క్రింద ఒకదానిపై నొకటి ఎక్కి అరచుచున్నచో చలి. దూరముగా పోయి రెక్కలు వ్రేలవేసి నోళ్లు తెరచియున్నచో వేడి యధికము. మే నెలలో తెలంగాణమునను కోస్తాలోను పగలు 40 డిగ్రీలు దాటుచుండ దీపమును ఆర్పకుంచుట పిల్లలను వేపుటయే. కరెంటు పోయిన రాత్రి వేడినీటి సీసాను గుడ్డలో చుట్టి పెట్టవచ్చును. మూసిన గదిలో బొగ్గుల కుంపటి మాత్రము వలదు; దాని విషవాయువు పిల్లలనే కాదు, గదిలో నిద్రించు మనుష్యులను సయితము చంపును.

వెచ్చబడి తల ఎత్తిన పిదప నీరు. గ్లాసెడు గోరువెచ్చని నీటిలో చిన్న చెంచాడు చక్కెర కలిపి, ముక్కు కొనను అందు తాకించినచో పిల్ల తానే మ్రింగును. గొంతులో పోయరాదు; శ్వాసనాళపు ద్వారము నాలుక మొదటనే యున్నది. నీటి పళ్లెములో గులకరాళ్లు వేసినచో పిల్లలు పడి మునుగవు. తరువాత మెత్తని నూకలు పెట్టవచ్చును గాని నూకలతోనే పెంచరాదు. పిల్లల దాణా అవసరము.

కొన్ని పిల్లలకు రెట్ట ఎండి ఆసనమును మూసివేయును. చూపునకు అల్పము, కాని రెండు దినములు విడిచినచో ప్రాణాంతకము. గోరువెచ్చని నీటి దూదితో నానబెట్టి మెల్లగా తుడిచి, ఆరబెట్టి, కొబ్బరినూనె చుక్క రాయవలెను. పొడిగా పెరికినచో చర్మము ఊడివచ్చును. పొట్ట అడుగున నున్న బొడ్డు పక్కును రెట్టయని భ్రమించి గిల్లువారున్నారు. అది మరింత ప్రమాదము.

నున్నని కాగితముపై నిలిచిన పిల్లల కాళ్లు చెరియొక ప్రక్కకు జారి పోవుట మరియొక ఇబ్బంది. క్రింద ఊక గాని గోనె గాని పరచినచో ఇది చాలవరకు రాదు. వచ్చినదానికి రెండు కాళ్లను అంగుళము ఎడముగా మెత్తని గుడ్డపీలికతో వదులుగా కట్టినచో మూడు నాలుగు దినములలో నిలద్రొక్కుకొనును. వేళ్లు లోపలికి ముడుచుకొనుట తరచుగా బి-2 విటమిను లోపము. తొలినాళ్లలోనే విటమిను చుక్కలిచ్చినచో నయము కావచ్చును.

చేయి దాటిన జబ్బులును కలవు. బొడ్డు తడిగా ఉండి, పొట్ట ఉబ్బి, దుర్గంధము వేయు పిల్లను బ్రతికించుట కష్టము. అది మురికి గుడ్లను, మురికి గూటిని అనుసరించి వచ్చు జబ్బు. తెల్ల పారుడు ఇంకను మోసకారి. దాని సూక్ష్మజీవిని 1899లో రెట్గర్ కనుగొనెను. రోగమునుండి బ్రతికి బయటపడిన పెట్ట ఆరోగ్యముగా కనబడుచునే తన గుడ్లద్వారా దానిని పిల్లలకు అందించును. అట్టి పెట్ట గుడ్లను పొదుగవేయరాదు. మనుష్యుల మాత్రలను నూరి అందరు పిల్లలకును పోయు అలవాటును మేము మెచ్చము; మోతాదు తెలియదు, జబ్బేదో తెలియదు. ఒకటి రెండు చచ్చిన పిల్లలను వెంటనే పశువైద్యశాలకు కొనిపోయి చూపించినచో తక్కినవి దక్కును. మందకొడి పిల్లను వేరు గంపలో ఉంచి, మంచివానికి మేతనీరు పెట్టిన పిదపనే దాని దగ్గరకు పోవలెను.

కొక్కెర తెగులునకు మందు లేదు, టీకా కలదు. 5, 7 దినముల మధ్య కంటిలోనో ముక్కులోనో ఒక చుక్క వేయుదురు. ఈ టీకా ఆరోగ్యముగా నున్న పిల్లలకే; నీరసించినదానిని కోలుకొననిచ్చి పశువైద్యుడు చెప్పిన నాడు వేయింపవలెను.