భోజనాల బల్ల దగ్గర తెల్లవారుజాము

ఆగస్టులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో సాయంత్రం 6 గంటలంటే చాలా ఇళ్లలో రాత్రి భోజనం వేళ. అదే నిమిషానికి విజయవాడలో తెల్లవారుజామున 4:30. విజయవాడ నుంచి ముందురోజే వచ్చి దిగిన 16 ఏళ్ల అమ్మాయిని ఆ బల్ల ముందు కూర్చోబెట్టారనుకోండి. ఆ ఇల్లాలు ఉడకబెట్టి, వెన్న రాసి పెట్టిన మొక్కజొన్న పొత్తు పళ్లెంలో అలాగే ఉండిపోతుంది. అడిగిన ప్రశ్న అర్థం కావడానికి ఒక క్షణం, జవాబు రావడానికి ఇంకో క్షణం పడుతుంది. పిల్లకు మన వంట నచ్చలేదేమోనని వాళ్లకు బెంగ. నా గురించి ఏమనుకుంటున్నారోనని ఈ పిల్లకు బెంగ. నిజానికి ఇందులో ఎవరి తప్పూ లేదు. ఆ అమ్మాయి శరీరానికి అది గాఢంగా నిద్రపోవాల్సిన వేళ.

పరాయి దేశపు విద్యార్థిని ఇంట్లో మనిషిగా ఉంచుకుని చదివించే పద్ధతి కొత్తదేమీ కాదు. ఏఎఫ్ఎస్ అనే సంస్థ 1947 నుంచి ఈ పని చేస్తోంది. అమెరికా ప్రభుత్వం 2002లో మొదలుపెట్టిన ‘యస్’ కార్యక్రమం కింద మన దేశం నుంచి కూడా హైస్కూలు పిల్లలు ఒక విద్యాసంవత్సరం పాటు వెళ్తున్నారు. ఆతిథ్యమిచ్చే కుటుంబాలు అద్దె తీసుకోవు, ఇష్టపడి పిలుచుకుంటాయి. అంత మంచి మనసుతో మొదలైన బంధం మొదటి వారంలోనే అపార్థాల పాలు కాకూడదంటే, ఆ వారంలో శరీరం లోపల ఏం జరుగుతుందో రెండు వైపులా తెలిసుండాలి.

మెదడు అడుగుభాగంలో, కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపు ఉంది. పేరు సుప్రాకయాస్మాటిక్ న్యూక్లియస్. మన జీవగడియారానికి కేంద్రం అదే. బయటి వెలుగు తెలియకుండా చేసి కొలిస్తే దాని రోజు సగటున 24 గంటల కంటే ఓ పది నిమిషాలు ఎక్కువని 1999లో హార్వర్డ్ పరిశోధకులు తేల్చారు. కణాల లోపల ఈ గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకే హాల్, రోస్‌బాష్, యంగ్‌లకు 2017లో నోబెల్ వచ్చింది. ఈ గడియారాన్ని రోజూ సరిచేసేది వెలుగు. కంటి రెటీనాలో, చూపుతో పెద్దగా పని లేకుండా వెలుగును పసిగట్టే కణాలు కొన్ని ఉన్నాయి. నీలి వెలుగుకు అవి బాగా స్పందిస్తాయి. ‘పగలైంది’ అన్న కబురు గడియారానికి చేర్చేది ప్రధానంగా అవే.

విమానం ఒక్క రోజులో పదిన్నర గంటల తేడా దాటేస్తుంది. గడియారం మాత్రం రోజుకు గంట, మహా అయితే గంటన్నర జరుగుతుంది. అంటే వారం నుంచి పది రోజులు ఆ పిల్ల మనిషి అయోవాలో, గడియారం ఎక్కడో సముద్రం మీద. రాత్రి నిద్ర చివరి భాగంలో, మామూలుగా లేచే వేళకు రెండు మూడు గంటల ముందు శరీర ఉష్ణోగ్రత బాగా తగ్గుతుంది. చురుకుదనం అడుగంటేదీ ఇంచుమించు అప్పుడే. కొత్త ఇంట్లో ఆ ఘడియ సరిగ్గా భోజనాల బల్ల దగ్గర వచ్చి పడుతుంది.

ఆపైన అర్ధరాత్రి గండం ఒకటుంది. రాత్రి 2 గంటలకు మెలకువ వచ్చేస్తుంది, కడుపులో ఆకలి. విజయవాడలో అప్పుడు మధ్యాహ్నం 12:30, అన్నం వేళ. పరాయి ఇంట్లో చీకట్లో లేచి ఫ్రిజ్ తలుపు తీయడానికి చెయ్యి రాదు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ మెలకువగానే ఉంటుంది, గొంతు వినగానే ఏడుపు ముంచుకొస్తుంది. దాన్ని బెంగ అనేసి వదిలేస్తాం. బెంగ ఉంటుంది, కాదనను. కానీ అందులో నిద్రలేమి, ఆకలి వాటా ఎంతో మనం లెక్కలోకి తీసుకోం.

కాలేయానికి, పేగులకు కూడా సొంత గడియారాలున్నాయి. అవి వెలుగు కంటే తిండి వేళల్నే ఎక్కువగా పట్టించుకుంటాయి. భోజనాలన్నీ 5 గంటలు ఆలస్యం చేసి చూస్తే, రక్తంలో చక్కెర లయ కూడా 5 గంటలకు పైగా జరిగిందనీ, మెదడులోని గడియారం చెప్పినట్టు నడిచే మెలటోనిన్ హార్మోను వేళ మాత్రం కదల్లేదనీ బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం వారు 2017లో చూపించారు. డోలుది ఒక తాళం, సన్నాయిది ఇంకో తాళం అయిన మేళంలా ఉంటుంది అప్పుడు ఒళ్లు. అందుకే ఆకలి లేకపోయినా ఆ ఇంటివాళ్లు తినే వేళకే కొంచెమైనా తినాలి. రాత్రికి గది బల్ల మీద రెండు అరటిపళ్లు, నాలుగు బిస్కెట్లు పెట్టి, ‘ఆకలేస్తే తిను తల్లీ’ అని ఆ ఇంటివాళ్లు ముందే చెబితే ఎంతో మేలు.

వెలుగు విషయంలో వేళ ముఖ్యం. ఉష్ణోగ్రత అడుగంటే ఘడియకు ముందు పడిన వెలుగు గడియారాన్ని వెనక్కి జరుపుతుంది, దాటాక పడినది ముందుకు తోస్తుంది. ఇక్కణ్నుంచి అయోవా వెళ్లినవారికి వెనక్కి జరగడమే దగ్గరి దారి. కాబట్టి మొదటి రెండు రోజులూ మధ్యాహ్నం 1 నుంచి 5 దాకా ఆరుబయట గడపాలి. ఆగస్టులో అక్కడ దాదాపు 8 దాకా పొద్దు ఉంటుంది, 6 దాటాక చలువ కళ్లద్దాలు పెట్టుకోవడం మంచిది. మూడో రోజుకల్లా ఆ ఘడియ రాత్రివైపు జరుగుతుంది కనుక సాయంత్రం షికారుకు నిశ్చింతగా వెళ్లొచ్చు. ఆ తర్వాతి రోజుల్లో రాత్రి 2 గంటలకు లేచి దీపాలన్నీ వేసుకుంటే మాత్రం జరిగిన గడియారాన్ని తిరిగి లాగినట్టే.

భాష అలసట దీనికి తోడు. ఇంగ్లీషు మీడియంలో చదివినా, గిన్నెల చప్పుడులో, టీవీ హోరులో నలుగురు ఒకేసారి మాట్లాడితే మాతృభాష కాని మాటను పట్టుకోవడం మెదడుకు పెద్ద శ్రమ. ముందు కొన్నాళ్లు అంతా ఉత్సాహమే, దిగులు తర్వాతే మొదలవుతుందని చాలాకాలం అనుకున్నారు. న్యూజిలాండ్ వెళ్లిన జపాన్ విద్యార్థులను గమనించి 1998లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు భిన్నంగా తేల్చింది: దిగులు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది వెళ్లిన కొత్తలోనే. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి పంపాలని నా అభిప్రాయం. లేకపోతే ‘అందరూ సంతోషంగా ఉన్నారు, నాకే ఏదో లోపం’ అనుకుంటారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. మొదటి పది రోజుల్లో పిల్ల ఫోన్‌లో ఏడిస్తే ‘వచ్చెయ్యి’ అనకండి, ‘వాళ్లు సరిగ్గా చూడటం లేదా?’ అనీ అడగకండి. ఏం తిన్నావు, ఎన్ని గంటలు పడుకున్నావు, మధ్యాహ్నం బయటికి వెళ్లావా అని అడగండి. మూడు వారాలైనా నిద్ర, ఆకలి కుదుటపడకపోతే, భయపెట్టే విషయమేదైనా ఉంటే ఆ రోజే, కార్యక్రమం తరఫున అక్కడ ఉండే స్థానిక కోఆర్డినేటర్‌కు చెప్పించండి. ప్రతి విద్యార్థినీ కనీసం నెలకోసారి పలకరించడం ఆ కోఆర్డినేటర్ల విధి.