వంటింట్లో సీసపు పైపు: అతుకు వేస్తే సరిపోతుందా?

తూర్పు లండన్‌లో మేం కొన్నది వందేళ్లు దాటిన టెర్రస్ ఇల్లు. వంటగది మార్పిద్దామని పాత సింకు పీకిస్తే, మూలన నేలలోంచి బూడిదరంగు పైపు ఒకటి బయటపడింది. అతుకు దగ్గర ఉల్లిపాయలా ఉబ్బి ఉంది. బిల్డర్ తాళంచెవితో గీకాడు. మెత్తగా గీత పడి వెండిలా మెరిసింది. "లెడ్ పైపు. ఇక్కడికి కోసి రాగి పైపు కలిపేస్తా, అరగంట పని" అన్నాడు.

అప్పటికి మా పాపకు ఐదు నెలలు. పాలపొడి కలిపేది ఆ కుళాయి నీళ్లతోనే. విజయవాడ నుంచి వచ్చిన మా అమ్మ "కాచి కలుపుతున్నాం కదరా, ఏం కాదులే" అంది. నీళ్ల మీద ఏ అనుమానం వచ్చినా మన ఇళ్లలో మందు అదే. కానీ కాస్తే చచ్చేవి క్రిములు. సీసం లోహం, మరిగించినా పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు కాస్త పెరుగుతుంది కూడా. పసిపిల్లల ఒంట్లోకి పెద్దలకన్నా ఎక్కువగా చేరి, ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది. గర్భిణులూ జాగ్రత్తపడాలి.

వాటర్ కంపెనీకి ఫోన్ చేస్తే మనిషిని పంపి నీళ్లు పరీక్ష చేయించారు. ఇక్కడ పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. మాది దాటింది.

ఇక అతుకు సంగతి. నీళ్లలో రాగి, సీసం ఒకదానికొకటి తగిలితే సీసం త్వరగా కరుగుతుంది. పైగా కోసేటప్పటి కుదుపుకి లోపల ఏళ్లుగా పేరుకున్న పొర ఊడుతుంది. సగం మార్చిన ఇంట్లో కొన్నాళ్లు సీసం పెరగొచ్చు కూడా. తప్పనిసరై కలపాల్సి వస్తే రెండు లోహాలూ తగలకుండా చేసే ప్రత్యేక ఫిట్టింగ్ వాడమనండి. ఇంకో మాట: సెంట్రల్ హీటింగ్ పైపుల కోసం సీసం కలిసిన సోల్డర్ ఇప్పటికీ అమ్ముతారు. తాగునీటి పైపుకి అది నిషిద్ధం. బిల్డర్ చేతిలోని చుట్ట మీద ఏం రాసుందో చదవండి. నేను చదివితే ఆయన మొహం ముడుచుకున్నాడు, అయినా ఫర్వాలేదు.

మేం మొత్తం మార్పించాం. రోడ్డు కింది మెయిన్ నుంచి మన స్థలం హద్దు దాకా పైపు కంపెనీది, అక్కడి నుంచి ఇంట్లోకి మనది. మన భాగం మారిస్తే తమ భాగం ఉచితంగా మార్చే కంపెనీలు చాలా ఉన్నాయి. తవ్వకముందే అడిగి దరఖాస్తు పెట్టుకోండి. మా ముందు తోటలో 750 మిల్లీమీటర్ల లోతున నీలం ప్లాస్టిక్ పైపు వేశారు.

పని పూర్తయ్యేదాకా పొద్దున్నే కుళాయి కాసేపు వదిలేసి, రాత్రి నిలవున్న నీళ్లు పోయాకే పట్టుకునేవాళ్లం. వేడి కుళాయి నీళ్లు వంటకి వాడలేదు. పాపకి మాత్రం హెల్త్ విజిటర్‌ని అడిగి, సోడియం తక్కువున్న బాటిల్ నీళ్లు. అవీ కాచే ఇవ్వాలట! అమ్మ నావైపు చూసిన చూపు చెప్పక్కర్లేదు.

చివరి నిమిషంలో తెలిసిందొకటి. పాత ఇళ్లలో కరెంటు ఎర్త్ కొన్నిసార్లు ఆ నీళ్ల పైపు మీదే ఆధారపడి ఉంటుంది. ప్లాస్టిక్ వేస్తే అది తెగిపోతుంది. మాది అలాంటిదే. పాత పైపు కోసే రోజుకి ముందే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేరే ఎర్త్ వేయించాం.