తేమ మీటరు యార్డులో చెప్పేది ఎంతవరకు నిజం?

హైదరాబాదు: పత్తి, వడ్లు, మొక్కజొన్న రాబడులు ఊపందుకునే రోజుల్లో యార్డులలో ధర తర్వాత ఎక్కువగా వినిపించే మాట తేమ. బండి పక్కన నిలబడి మీటరు సూదులు గుచ్చిన అర నిమిషంలో సరుకు భవితవ్యం తేలిపోతుంది. ఆ అంకెపై రైతుకు, కొనుగోలుదారుకు మధ్య ఏటా వివాదాలు తలెత్తుతూనే వున్నాయి. మీటరు అబద్ధం చెబుతున్నదని రైతులు, సరుకే పచ్చిగా వున్నదని కొనుగోలుదార్లు అనడం పరిపాటి. చాలా సందర్భాలలో తప్పు ఈ రెంటిలో దేనిదీ కాదు. ప్రయోగశాల గదిలో పని చేయవలసిన పద్ధతిని మంచులో, ఎండలో, దుమ్ములో వాడుతున్నామన్న సంగతి మరచిపోవడమే అసలు కారణం.

ఒక శాతం విలువ ఎంత?

కాటన్ కార్పొరేషన్ కొనుగోళ్లలో 8 శాతం వరకు తేమ వున్న పత్తికి పూర్తి మద్దతు ధర లభిస్తుంది. 8 దాటిన ప్రతి శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 దాటితే సరుకు తీసుకోరు. 2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాలుకు రూ. 8,110. అంటే మీటరులో ఒక శాతం తేడా వస్తే క్వింటాలుకు రూ. 81.10, ఇరవై క్వింటాళ్ల బండికి రూ. 1,622 చేతులు మారుతుంది. 11.9, 12.1 మధ్య తేడా అయితే బండి మొత్తం వెనక్కు పోతుంది.

వడ్ల లెక్క వేరు. ప్రభుత్వ కొనుగోలుకు 17 శాతం హద్దు. 20 శాతం తేమతో కొన్న 100 కిలోల వడ్లు 17 శాతానికి ఆరేసరికి 96.39 కిలోలు మిగులుతాయి. తగ్గుదల 3 కిలోలు కాదు, 3.61 కిలోలు. 2025-26లో ఎ-గ్రేడు ధర రూ. 2,389 ప్రకారం ఇది సుమారు రూ. 86. గోదాములో తరుగు ఎక్కడ పోయిందని తర్వాత వెతుక్కునే వర్తకులు ముందు ఈ లెక్క చూసుకోవడం మంచిది.

మీటరు కొలిచేది నీటిని కాదు

ప్రమాణ పద్ధతి ఓవెన్. ధాన్యాన్ని పిండి చేసి 130 డిగ్రీల వద్ద, పత్తిని 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి, తగ్గిన బరువును బట్టి తేమను లెక్కకట్టుతారు. దీనికి గంటలు పడుతుంది. వందల బండ్లు నిలిచిన యార్డులో ఇది సాధ్యం కాదు. కనుక మీటరు వచ్చింది.

పత్తి మీటరు సూదుల మధ్య విద్యుత్తుకు ఎంత నిరోధం వున్నదో చూస్తుంది. ధాన్యం మీటరు తన గిన్నెలోని గింజల విద్యుత్ ధారణశక్తిని చూస్తుంది. ఈ గుణాల నుంచి తేమను అంచనా వేసి అంకె చూపుతుంది. ఓవెన్‌తో పోల్చి తయారు చేసిన పట్టిక ఈ అంచనాకు ఆధారం. ఏ సరుకుకు తయారైన పట్టిక ఆ సరుకుకే పనికి వస్తుంది. దూదికి తయారైన స్కేలుతో గింజ వున్న పత్తిని కొలిస్తే వచ్చేది పత్తి తేమ కాదు.

ఆరుబయట వచ్చే తేడాలు

మొదటిది మంచు. మన దేశంలో పత్తి పరీక్షా గదిలో గాలి తేమ 65 శాతం, వేడి 27 డిగ్రీలు వుండేటట్లు చూస్తారు. నవంబరు తెల్లవారుజామున ఆదిలాబాదు యార్డులో నిలిచిన బండికి ఆ హామీ లేదు. పత్తి గాలిలోని తేమను పీల్చుకునే సరుకు. రాత్రంతా కప్పకుండా వుంచితే పైపొర నిజంగానే తడుస్తుంది. పైపొరలో గుచ్చితే అంకె ఎక్కువ, జానెడు లోతున గుచ్చితే తక్కువ. రెండూ నిజమే, కాని రెండింటిలో ఏదీ బండి మొత్తానికి చెందిన అంకె కాదు.

రెండవది వేడి. సరుకు వేడెక్కితే విద్యుత్ నిరోధం తగ్గుతుంది. దానితో సవరణ లేని మీటరు వున్నదాని కంటె ఎక్కువ తేమ చూపుతుంది. కళ్లంలో మధ్యాహ్నం ఎండకు కాగిన వడ్లను వెంటనే గిన్నెలో పోయడం ఇటువంటి పొరపాటే. వేడికి తగిన సవరణ తనంతట తానే చేసుకునే మీటర్లు వున్నా, గింజల వేడి, మీటరు వేడి సమానమయ్యే వ్యవధి ఇవ్వకపోతే ఆ సవరణ కూడా తప్పుతుంది.

మూడవది వర్తకులకు అంతగా తెలియనిది. అమీర్‌పేట పక్కన మధురానగర్‌లో ఆఫీసు వున్న ఒక దలాలీ తన మీటరును రాత్రి ఎ.సి. గదిలో వుంచి, ఎ.సి. కారులో పెట్టుకుని అక్టోబరు ఉదయం జమ్మికుంట యార్డుకు చేరుకున్నాడనుకుందాం. కారు దిగగానే కళ్లద్దాలపై పట్టే ఆవిరి వంటిదే చల్లని సూదులపైన కూడా పడుతుంది. ఆ పలుచని నీటి పొరను మీటరు సరుకు తేమగా లెక్కిస్తుంది. ఆఫీసులో సరిగా చూపిన మీటరు యార్డులో ఎక్కువ చూపడానికి ఇది ఒక కారణం. సంచి మూసి వుంచే మీటరును బయటి వేడికి అలవాటు పడనిచ్చి, సూదులు తుడిచి, ఆ తర్వాతే వాడాలి.

నాలుగవది చేతి ఒత్తిడి. పత్తిని గట్టిగా అదిమితే అంకె పెరుగుతుంది. ధాన్యం గిన్నెను తట్టి నింపినా, ఎత్తు నుంచి పోసినా ఇదే ఫలితం. బలహీనపడిన బ్యాటరీ, సూదుల మధ్య చేరిన దుమ్ము, జిగురు కూడా లెక్క తప్పిస్తాయి.

మిల్లు లెక్క, యార్డు లెక్క

నూలు మిల్లులతో ఫోనుపై బేరం చేసే దలాలీలు మరొక సంగతి గమనించవలసి వున్నది. జౌళి వర్తకంలో దూదికి చెప్పే 8.5 శాతం ఎండు బరువుపై కట్టిన లెక్క. యార్డు మీటరు చూపేది మొత్తం బరువుపై లెక్క. మిల్లు 8.5 అన్నది యార్డు లెక్కలో 7.83 మాత్రమే. రెండూ ఒకటే అనుకుంటే బేరం కుదిరిన తర్వాత తగవు ఖాయం.

ఇతర దేశాలలో కూడా ఈ సమస్య వున్నది. ధాన్యం, నూనెగింజల తేమ మీటర్లకు అంతర్జాతీయ తూనికలు, కొలతల సంస్థ ఆర్ 59 పేరుతో ప్రత్యేక సిఫారసు రూపొందించింది. అమెరికా ప్రభుత్వ ధాన్య తనిఖీ విభాగం 2012లో 149 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పని చేసే కొత్త పద్ధతికి మారడం ప్రారంభించింది. గింజల వేడికి, గిన్నెలో అవి సర్దుకున్న తీరుకు సవరణ చేయడం ఈ పద్ధతిలో భాగం.

యార్డులో చేయదగినవి

మీటరును నీడలో, బల్లపై వుంచాలి. బండి పైన, మధ్య, అడుగు నుంచి నమూనా తీయాలి. ఒక్క రీడింగుతో తేల్చరాదు. ఉదాహరణకు మూడు చోట్ల 11.8, 12.3, 12.5 వచ్చాయనుకుందాం. సగటు 12.2. మొదటి రీడింగు ఒక్కటే చూస్తే సరుకు పాసు, మూడవది ఒక్కటే చూస్తే తిరస్కారం. సగటు హద్దుకు ఇంత దగ్గరగా వున్నప్పుడు ఒక గంట నీడలో పరచి మళ్లీ కొలవడమే న్యాయం. వివాదం తెగకపోతే గాలి చొరని డబ్బాలో నమూనాకు సీలు వేసి ఓవెన్ పరీక్షకు పంపాలి. ప్లాస్టిక్ సంచిలో వదులుగా కట్టి పంపిన నమూనా దారిలోనే మారుతుంది.

సీజను మొదట మీటరును ఓవెన్‌తో సరిచూడడం, ప్రతి ఉదయం పరీక్షా బ్లాకుతో చూసి పుస్తకంలో వ్రాయడం పెద్ద ఖర్చు కాదు. తక్‌పట్టీపై తేమ శాతంతో పాటు కొలిచిన సమయం, రీడింగుల సంఖ్య కూడా వ్రాసే అలవాటు వస్తే సగం తగవులు అక్కడే ఆగుతాయి.

ఎక్కువ చూపే మీటరు కొనేవారికి లాభమనుకోవడం పొరపాటు. ఆ పేరు పడిన దుకాణానికి మరుసటి వారం బండ్లు రావు. తక్కువ చూపే మీటరుతో కొన్నవారికి గోదాములో వేడెక్కిన నిల్వలు మిగులుతాయి. కాంటాను నమ్మినట్లే మీటరును కూడా ఇరుపక్షాలు నమ్మిననాడే బేరం నిలకడగా సాగుతుంది.