గేటు ఒకటే... వాచ్‌మన్లు ఇద్దరు!

"అల్లుడూ, పొద్దుగాల సంది సైట్ ఓపెన్ అయితలేదు. ఇయ్యాల ఆఖరు రోజు. జర వస్తవా?"

11వ తేదీ సాయంత్రం ఐదున్నరకి ఫోన్. అవతల మామ. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో ఆయనకి చిన్న మెషీన్ షాప్ ఉంది. మూడు లేత్ మిషన్లు, ఎనిమిది మంది పనివాళ్లు. పాశమైలారంలోని ఓ పెద్ద కంపెనీకి షాఫ్ట్‌లు, బుష్‌లు చేసి ఇస్తాడు.

11 ఎందుకంత ముఖ్యమంటే, నెలనెలా జీఎస్టీఆర్-1 వేసేవాళ్లకి అదే గడువు. అందులో మామ బిల్లులు ఎక్కితేనే, 14న తయారయ్యే జీఎస్టీఆర్-2బీలో ఆ పెద్ద కంపెనీకి ట్యాక్స్ క్రెడిట్ కనిపిస్తుంది. కనిపించకపోతే వాళ్లు పేమెంట్ ఆపేస్తారు. పేమెంట్ ఆగితే ఇక్కడ ఎనిమిది ఇళ్లలో జీతం ఆగుతుంది.

గచ్చిబౌలి ఆఫీసు నుంచి బండి తీశాను. లింగంపల్లి, బీహెచ్‌ఈఎల్, రామచంద్రాపురం దాటి, ముంబై హైవే ట్రాఫిక్ ఈదుకుంటూ షాపుకి చేరేసరికి ఏడైంది.

కంప్యూటర్ తెర మీద ఎర్ర త్రికోణం. 'యువర్ కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్' అని మెసేజ్. జీఎస్టీ సైటే కాదు, బ్యాంకు సైటుదీ అదే వరస. అకౌంట్స్ చూసే అక్క అప్పటికే అన్నీ ట్రై చేసింది. రూటర్ ఆపి వేసింది. బ్రౌజర్ తీసేసి మళ్లీ ఎక్కించింది. వేరే బ్రౌజర్‌లోనూ చూసింది. షాపులో కుర్రాడు "విండోస్ ఫార్మాట్ కొడితే అయిపోతది" అన్నాడట. ఇంకో కుర్రాడు నెట్‌లో వెతికి ఓ 'కస్టమర్ కేర్' నంబరుకి ఫోన్ కూడా చేశాడు.

"వాడేమో ఎనీడెస్క్ వేసుకోమన్నడు తమ్మీ. నాకు అనుమానమొచ్చి కట్ చేసిన" అంది అక్క.

ఆ ఒక్క పని చేసినందుకు అక్కకి దండం పెట్టాలి. బ్యాంకు లాగిన్, డిజిటల్ సంతకం టోకెన్ రెండూ ఉన్న కంప్యూటర్ అది. కంగారులో ఉన్న మనిషే ఆ దొంగలకి కావాలి.

అసలు తప్పెక్కడ?

ముందు నా ఫోన్‌ని అదే వైఫైకి కలిపి సైట్ తెరిచాను. వెంటనే వచ్చింది. అంటే సైట్ బాగుంది, నెట్ బాగుంది. తేడా కంప్యూటర్‌లోనే. టైమ్, తేదీ చూశాను, కరెక్టే. ఇన్‌కాగ్నిటో విండోలోనూ అదే ఎర్ర త్రికోణం. అంటే ఎక్స్‌టెన్షన్ల తప్పు కాకపోవచ్చు.

తర్వాత అడ్రస్ బార్‌లో 'నాట్ సెక్యూర్' అన్న చోట నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరిచాను. ప్రతి సెక్యూర్ వెబ్‌సైట్‌కీ ఆధార్ కార్డు లాంటి సర్టిఫికెట్ ఉంటుంది. 'ఇష్యూడ్ బై' అన్న చోట దాన్ని ఇచ్చిన సంస్థ పేరు ఉండాలి. అక్కడ మాత్రం ఒక యాంటీవైరస్ పేరుంది! కంప్యూటర్ కొన్నప్పుడు ఫ్రీగా వచ్చి, గడువు తీరినా కూర్చున్న ట్రయల్ వెర్షన్. కింద టాస్క్‌బార్‌లో చూస్తే దాని పక్కనే ఇంకో యాంటీవైరస్ గుర్తు.

ఆ రెండోది ఎవరు వేశారో నాకు బాగా తెలుసు. దసరాకి వచ్చినప్పుడు "సేఫ్‌గా ఉంటది మామా" అని వేసింది నేనే. పాతది తీసేయాలన్న ధ్యాస అప్పుడు లేదు.

మామకి ఇలా చెప్పాను: "కంపెనీ గేటు కాడ వాచ్‌మన్ మన ఐడీ కార్డు తీస్కుని, విజిటర్ పాస్ ఇస్తడు కదా? యాంటీవైరస్ కూడా అంతే. సైట్ నుంచి వచ్చే దాన్ని మధ్యలో ఆపి, విప్పి, వైరస్ ఉందేమో చూసి, తన పాస్ తగిలించి బ్రౌజర్‌కి పంపుతది. ఈ గేటుకి ఇద్దరు వాచ్‌మన్లున్నరు. ఒకడిచ్చిన పాస్‌ని ఇంకోడు నమ్మడు. లోపలున్న బ్రౌజర్‌కి అసలు కార్డు కనబడదు. అందుకే తలుపు తీస్తలేదు."

ఈ పనిని హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అంటారు. ఒక్క యాంటీవైరస్ ఉన్నా ఇది తేడా కొట్టొచ్చు. 2019లో ఫైర్‌ఫాక్స్ 65 వచ్చినప్పుడు అవాస్ట్, ఏవీజీ వాడేవాళ్లకి సరిగ్గా ఇలాంటి ఎర్రరే వచ్చింది. మొజిల్లా విండోస్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్‌ని కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో క్రోమ్ 78 వచ్చాక సిమాంటెక్ పాత వెర్షన్లున్న కంప్యూటర్లలో పేజీలు క్రాష్ అయ్యాయి. బ్రౌజర్ బయటే కాదు, కాపలా సాఫ్ట్‌వేర్ మొత్తం సిస్టమ్‌నే పడగొట్టిన రోజూ ఉంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ తేడా చేసి సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. ఆ రోజు మన శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు.

కాపలా తీసేయకుండా...

ఇలాంటప్పుడు అందరూ చెప్పే సలహాలు రెండు. 'ఏం కాదు, ప్రొసీడ్ నొక్కు', 'యాంటీవైరస్ మొత్తం ఆపెయ్'. బ్యాంకు, ట్యాక్స్ పనుల్లో రెండూ ప్రమాదమే. మేం చేసింది వేరు. పాత ట్రయల్ సెట్టింగ్స్‌లో వెబ్ స్కానింగ్ ఒక్కటే ఆపాను. బ్రౌజర్ మూసి తెరిస్తే సైట్ వచ్చింది. కొత్త యాంటీవైరస్ కాపలా అలాగే ఉంది. అక్క రిటర్న్ వేసింది. తర్వాత పాత దాన్ని, ఆ కంపెనీ సొంత సైట్‌లో దొరికే రిమూవల్ టూల్‌తో పూర్తిగా తీసేసి రీస్టార్ట్ చేశాం.

మీకూ ఇలా జరిగితే ఈ వరసలో చూడండి:

* అదే సైట్‌ని ఫోన్‌లో తెరవండి. అక్కడా రాకపోతే తప్పు సైట్‌దో, నెట్‌దో.
* తేదీ, టైమ్ సరిచూడండి. తేదీ తప్పితే మంచి సర్టిఫికెట్ కూడా చెల్లదు.
* ఇన్‌కాగ్నిటోలో చూడండి. అక్కడ వస్తే ఎక్స్‌టెన్షన్లని ఒక్కొక్కటిగా ఆపండి.
* సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. మీ యాంటీవైరస్ పేరుంటే దాని వెబ్ స్కానింగ్‌ని మాత్రమే పది నిమిషాలు ఆపి పరీక్షించండి. మళ్లీ ఆన్ చేయడం మరవొద్దు.
* ఎన్నడూ వినని పేరుంటే ఏ పాస్‌వర్డూ కొట్టకండి. 2015లో కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ఇలాగే మధ్యలో దూరినట్టు బయటపడింది.
* యాంటీవైరస్ ఒక్కటి చాలు. వేరేది వేస్తే విండోస్ డిఫెండర్ తనే పక్కకి తప్పుకుంటుంది. రెండు బయటివి వేస్తేనే కొట్లాట.

ఫోన్‌లోనూ ఇదే కథ. బ్రౌజర్ మొరాయిస్తే పైన తాళంచెవి గుర్తు ఉందేమో చూడండి. ఉంటే ఏదో వీపీఎన్ నడుస్తున్నట్టే. కొన్ని యాడ్ బ్లాకర్లు, 'సెక్యూరిటీ' యాప్‌లు ఆ దారిలోనే పనిచేస్తాయి. ప్రైవేట్ డీఎన్‌ఎస్ సెట్టింగ్ కూడా చూడండి. 'నెట్‌వర్క్ మే బీ మానిటర్డ్' అని వస్తే ఎవరో సర్టిఫికెట్ ఎక్కించారని అర్థం. ఇక నెట్‌లో దొరికిన హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి డబ్బు పోగొట్టుకుంటే, ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.

ఆ రాత్రి ఎనిమిది నలభైకి అక్క ఫోన్‌కి ఏఆర్ఎన్ నంబర్ వచ్చింది. రిటర్న్ ఎక్కింది. మామ చాయ్ తెప్పించాడు.

"గిదంతా ఎవని పని అల్లుడా?" అన్నాడు.

"నాదే మామా. దసరాకి నేనే వేసిన" అన్నాను తల దించుకుని.

ఓసారి గేటు వైపు చూసి నవ్వాడు. "మా షాపు కాడ నేను ఒక్క వాచ్‌మన్‌నే పెట్టిన. నువ్వు ఇంజినీరింగ్ చదివినోనివి కదా, ఇద్దర్ని పెట్టినవ్!"