తండాలో మరుగుదొడ్డి... బిందెడు నీళ్ల లెక్క!

మరుగుదొడ్డి కట్టడం వారం రోజుల పని. దాన్ని ఇంటిల్లిపాదీ వాడేలా చేయడం మాత్రం ఏళ్ల తరబడి సాగే పని. నిజామాబాద్ జిల్లా సిరికొండ లాంటి మండలాల్లో, అడవి అంచున ఉన్న లంబాడీ తండాల్లో ఆ తేడా బాగా కనిపిస్తుంది. ఇందులో సిమెంటు, ఇటుకల కన్నా పెద్ద పాత్ర ఓ నీళ్ల బిందెది, రెండు గుంతలది!

పసుపు తవ్వే కాలం. తెల్లవారకముందే కూలీలకోసం ఆటో వచ్చి తండా మొదట్లో ఆగుతుంది. ఆలోపే వంట కావాలి, సద్ది కట్టుకోవాలి, పిల్లల్ని లేపాలి. వీటన్నిటికన్నా ముందు ఆడవాళ్లకు ఇంకో పని ఉండేది. చీకట్లోనే చెంబు పట్టుకుని ఇద్దరు ముగ్గురు తోడుగా పొదల చాటుకు వెళ్లిరావడం. ఆ వేళ దాటిందా... మళ్లీ పొద్దుగూకాకే. అందుకే ఎండలో పనిచేస్తున్నా నీళ్లు తక్కువ తాగడం వాళ్లకు అలవాటైపోయింది. వానాకాలంలో పాముల భయం. నెలలు నిండినవాళ్లకీ, మోకాళ్ల నొప్పుల ముసలమ్మలకీ అది రోజూ నరకమే. మగవాళ్లకు పొద్దెక్కాక వెళ్లినా ఇబ్బంది లేదు కాబట్టి, వాళ్లకది సమస్యగానే తోచలేదు. ఇంట్లో ఏది ముందు కట్టాలో తేల్చేది మాత్రం ఎక్కువగా వాళ్లే!

లంబాడీలు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరా తిరిగిన బంజారాల వారసులు. స్థిరపడ్డాక కూడా తండా ఊరికి దూరంగానే ఉండిపోయింది. చుట్టూ కావలసినంత ఖాళీ జాగా. పైగా ఇల్లంటే వండుకునే చోటు, దేవుణ్ని కొలిచే చోటు. ‘ఆ పని’ ఇంటికి ఎంత దూరంగా జరిగితే అంత శుభ్రమన్నది పెద్దల నమ్మకం. ఇది తండాలకే పరిమితమనుకుంటే పొరపాటు. 2011 జనగణన నాటికి దేశం మొత్తమ్మీద గ్రామాల్లో మరుగుదొడ్డి ఉన్న కుటుంబాలు నూటికి 31 మాత్రమే.

ప్రభుత్వం డబ్బు ఇవ్వలేదా అంటే, ఇచ్చింది. సంపూర్ణ పారిశుద్ధ్య పథకం 1999లో మొదలైనప్పుడు పేద కుటుంబానికి ప్రోత్సాహకం 500 రూపాయలు. తర్వాత అది కొంచెం కొంచెంగా పెరిగింది. 2012లో నిర్మల్ భారత్ అభియాన్ కింద 4,600 రూపాయలకు తోడు ఉపాధి హామీ నుంచి మరో 4,500 వరకూ కలిపారు. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్‌లో అది 12 వేలయింది. బిల్లు రావాలంటే కట్టినట్టు ఫొటో కావాలి. గోడలు లేచాయి, తలుపు పడింది, ఇంటి యజమాని ముందు నిలబడి ఫొటో దిగాడు. ఆ తర్వాత చాలాచోట్ల ఆ గదిలోకి వంటచెరకు, పార, గడ్డపార, కోళ్ల గంప చేరాయి!

2014లో రైస్ సంస్థ పరిశోధకులు ఉత్తరాదిలోని అయిదు రాష్ట్రాల పల్లెల్లో సర్వే చేశారు. వాడుకలో ఉన్న మరుగుదొడ్డి ఇంట్లోనే ఉన్నా, నూటికి 40కి పైగా కుటుంబాల్లో కనీసం ఒకరు ఆరుబయటికే వెళుతున్నారని తేలింది. గోడలు కట్టినంత మాత్రాన అలవాటు మారదు మరి.

నాలుగు బిందెలా... ఒకటా?

తండాలో అలవాటుకు అడ్డుపడింది నమ్మకమొక్కటే కాదు. నీళ్లు కూడా. చెంబు పట్టుకుని బయటికెళితే ఆ చెంబెడు నీళ్లు చాలు. దొడ్డికైతే పోయడానికి విడిగా కావాలి. బోరింగు ఎక్కడో తండా చివర. ఎండాకాలంలో అదీ ఎండితే వ్యవసాయ బావికి నడవాలి. మోసేది ఎవరు? ఇంటి కోడలో, కూతురో. ఎవరి కష్టం తీర్చడానికి ఆ గది కట్టారో, వాళ్ల నెత్తికే మరో బిందె ఎక్కిందన్నమాట.

ఇక్కడే చాలామంది పట్టించుకోని ఓ చిన్న వస్తువుంది. అదే పాన్. పల్లెల కోసం రూపొందించిన పాన్‌కు వాలు ఎక్కువ. దాని కింద అమర్చే వంపు గొట్టంలో నిలిచే నీళ్లు 20 మిల్లీమీటర్ల లోతే. అందుకే లీటరున్నర, రెండు లీటర్లు పోస్తే చాలు, శుభ్రమైపోతుంది. పట్నంలో ట్యాంకు పెట్టుకునే ఇళ్లకు వాడే పాన్‌కైతే పది లీటర్ల దాకా పోయాల్సిందే. అయిదుగురున్న ఇంట్లో రోజుకు ఆరుసార్లు వాడారనుకుందాం. మొదటి రకానికి 12 లీటర్లు, రెండోదానికి 60. అంటే పదిహేను లీటర్ల బిందెతో ఒకటికి బదులు నాలుగు! మేస్త్రీ దుకాణంలో ఏది దొరికితే అది తెచ్చి బిగిస్తే, ఆ ఒక్క నిర్ణయం ఓ ఆడమనిషి నడుము మీద ఏళ్ల తరబడి బరువై కూర్చుంటుంది.

గది కొలతలదీ అదే కథ. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. గజాల కొద్దీ గుడ్డతో కుట్టిన పేటియా కట్టుకున్న పెద్దమ్మ అందులో ఎలా మసలుతుందని నమూనా గీసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

నీళ్ల సంగతికొస్తే, 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గరి కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పెద్ద మలుపు. పల్లెల్లో మనిషికి రోజుకు వంద లీటర్లన్నది ఆ పథకం లెక్క. వాకిట్లో నల్లా వస్తే దొడ్డిలో డ్రమ్ము నింపడం నిమిషాల పని. రెండో మలుపు 2018 ఆగస్టులో వచ్చింది. కొత్త పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో వెయ్యికి పైగా తండాలు, గూడేలు సొంత పంచాయతీలయ్యాయి. అప్పటిదాకా తండా అంటే పక్క ఊరికి తోక. నల్లా చెడినా, మోరీ పొంగినా ఆ ఊరి సర్పంచి దాకా వెళ్లాలి. ఇప్పుడు అడగాల్సిన మనిషి తండాలోనే ఉంటారు.

రెండో గుంత గుట్టు

‘గుంత నిండితే ఎట్ల?’ తండాల్లో మొదటినుంచీ ఉన్న భయమిది. ఆ భయంతోనే కొందరు పదడుగుల లోతు తవ్వించుకున్నారు. కొందరైతే దొడ్డిని ముసలివాళ్లకు, చుట్టాలకు వదిలి తాము బయటికే వెళ్లారు, తొందరగా నిండకూడదని!

నిజానికి అంత లోతు అక్కర్లేదు. రెండు గుంతల పద్ధతిలో నాలుగడుగుల లోతు చాలు. గోడలకు రంధ్రాలుంటాయి, అడుగున సిమెంటు వేయరు. నీరు నేలలోకి ఇంకిపోతుంది. ఒక గుంత నిండటానికి కనీసం మూడేళ్లు. అప్పుడు చిన్న తొట్టి మూత తీసి, ఓ దారిని ఇటుకతో మూసి రెండోది తెరవాలి. నిండిన గుంతను రెండేళ్లు కదపకుండా ఉంచితే, లోపలిది వాసన లేని నల్లటి ఎరువవుతుంది. చాలాచోట్ల మేస్త్రీలు ఈ తొట్టి కట్టకుండా మొదటి గుంత నుంచి రెండోదానికి గొట్టం వేశారు. అలాగైతే రెండూ ఎప్పుడూ తడిగానే ఉంటాయి. ఎరువు కాదు. చివరికి మనిషిని దింపాల్సి వస్తుంది. అది ప్రాణాంతకం, 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

ఎరువంటే నమ్మేదెవరు? అందుకే 2017 ఫిబ్రవరిలో వరంగల్ దగ్గరి గంగదేవిపల్లిలో ఓ వింత జరిగింది. కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్, వివిధ రాష్ట్రాల అధికారులు స్వయంగా గుంతలోకి దిగి ఆ ఎరువును ఎత్తిపోశారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఐఏఎస్ దిగాడంటే అందులో ఏమీ లేదన్నమాటే కదా! వంద ఉపన్యాసాలకన్నా ఆ ఫొటో ఎక్కువ పనిచేసింది.

2019 అక్టోబరు 2న గ్రామీణ భారతాన్ని బహిరంగ మలవిసర్జన రహితంగా ప్రకటించారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మాత్రం ఇంకా నూటికి 19 కుటుంబాలకు దొడ్డి సౌకర్యం లేదని వచ్చింది. పెళ్లయి వేరుపడిన కొడుకుల ఇళ్లు, పొలం దగ్గరి గుడిసెలు ఇలాంటి లెక్కల్లో తేలిగ్గా జారిపోతాయి.

స్వచ్ఛభారత్ మొదటి దశలో తవ్విన గుంతలు ఇప్పుడు నిండే వయసులో ఉన్నాయి. కట్టించిన రోజుల్లో హడావుడిగా తిరిగిన అధికారులు బదిలీ అయ్యారు, మేస్త్రీ ఎక్కడున్నాడో తెలియదు. తొట్టి ఎక్కడుందో కూడా మర్చిపోయి దానిమీద బట్టలుతికే బండ వేసుకున్న ఇళ్లూ ఉంటాయి. పంచాయతీ సిబ్బంది ఓ పూట ఇల్లిల్లూ తిరిగి తొట్టి మూత తీయించి, గుంత మార్చిన నెల, సంవత్సరం దొడ్డి గోడమీద రంగుతో రాయిస్తే చాలు. రెండేళ్లు ఎప్పుడు నిండాయో చదువుకున్న పిల్లలు చెప్పేస్తారు. అప్పుడు పార పట్టుకోవడానికి ఇంటి మగవాళ్లు ముందుకొస్తే మరీ మంచిది. ఇన్నాళ్లూ నీళ్లు మోసింది ఆడవాళ్లే కదా!