నిత్యయాత్రికుల ఊరు

ప్రొద్దున ఏడుగంటలవేళ మహానందిలో బస్సులు ఆగు చోట కొంచెముసేపు నిలువబడినచో రెండు జనప్రవాహములు ఒకదానికొకటి ఎదురుగా సాగుట కంటబడును. ఒకటి బస్సు దిగెడువారిది. రాత్రియంతయు ప్రయాణముచేసి, నంద్యాలలో బస్సు మారి వచ్చినవారు వారు. చేతిలో తువాలు, టెంకాయ, కన్నులలో నిద్రమబ్బు. రెండవది బస్సు ఎక్కెడువారిది. వారి చేతులలో క్యారియరు గిన్నెలు, పుస్తకముల సంచులు, ఆఫీసు కాగితములు. దిగినవారు కోనేటివైపు పరుగెత్తుచుండగా, ఎక్కెడువారు కిటికీప్రక్క సీటుకొరకు పరుగెత్తుదురు. నేను రెండవ గుంపులోనివాడను. యాత్రికునకు జీవితములో ఏ ఒకటి రెండుమారులో లభించు ప్రయాణము మాకు దినమునకు రెండుమారులు లభించుచున్నది. పుణ్యము మాత్రము ఎవరి ఖాతాలో జమయగుచున్నదో తెలియదు.

ఇట్టివారిని ఇంగ్లీషున ‘కమ్యూటర్లు’ అందురు. ఆ మాట పుట్టుక వింతగా నుండును. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికా రైలుకంపెనీలు దినదినము ప్రయాణించువారికి ఛార్జీ తగ్గించి టిక్కెట్లమ్మినవి. ఆ తగ్గింపు టిక్కెట్టునకు ‘కమ్యుటేషన్ టిక్కెట్టు’ అని పేరు. క్రమముగా టిక్కెట్టు పేరే మనిషికి అంటుకొన్నది. మన ఉద్యోగులు ‘అప్ అండ్ డౌన్ చేయుచున్నాను’ అని చెప్పుకొందురు. అదియును రైలుపట్టాల మీద పుట్టిన మాటయే. కాని రైలుకూత వినబడని ఊళ్లలో కూడ స్థిరపడినది. పట్టణమును ఆనుకొని బ్రదుకు ఊరికి మాత్రము మనకు ఏనాటినుండియో పేరున్నది. అమరకోశములో దానిని ‘శాఖానగరము’ అన్నారు. మూలనగరము చెట్టయినచో ఇది కొమ్మ. నాకీ మాటయందు మక్కువ. ఉపనగరమన్నచో ఏదియో తక్కువ సరకువలె తోచును. కొమ్మ అన్నచో, కాయ కాచునది కొమ్మయే కదా అని కొంత ధైర్యము కలుగును.

మదరాసు చుట్టునున్న శాఖానగరములు 1931లో బీచి నుండి తాంబరమువరకు విద్యుద్రైళ్లు నడచుటతో పెరిగినవి. హైదరాబాదునకు 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు వచ్చినవి. మా ప్రాంతము కథ వేరు. గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా నల్లమలను దాటి గుంటూరునకు పోవు రైలుమార్గము పందొమ్మిదవ శతాబ్దపు చివరిభాగములో వేయబడి, 1990ల దశకములో బ్రాడుగేజిగా మారినది. కాని మాకు దగ్గరి స్టేషను గాజులపల్లె. మహానందికి దక్షిణముగా ఏడెనిమిది కిలోమీటర్ల దూరము. రైలుకొరకు అంతదూరము పోవువాడు ఆ సమయమునకు నంద్యాల దారిలో సగము గడిచియుండును. కాబట్టి తిమ్మాపురము, బుక్కాపురము మొదలైన ఊళ్లవారికి, మహానందివారికి బస్సే దిక్కు. అది తప్పినచో షేర్ ఆటో.

నంద్యాలకును మహానందికిని నడుమ 18, 20 కిలోమీటర్లు. ఈ దూరము కాలిగుర్తులు లేనిది కాదు. నవనందులలో ప్రథమనంది, నాగనంది, సోమనంది నంద్యాలలోనే ఉన్నవి; మిగిలినవి మహానంది వైపున ఉన్నవి. కార్తికమాసములో సూర్యోదయము మొదలు సూర్యాస్తమయములోపల తొమ్మిదింటిని దర్శించుట భక్తుల ఆచారము. ఉదయము బయలుదేరి ప్రొద్దు గ్రుంకులోపల చుట్టివచ్చుట అను నియమము మా బస్సువారికన్న ఎంతో ముందుగా ఈ దారికి తెలిసియే యున్నది.

అయితే 2022 ఏప్రిల్ 4వ తేదీన నంద్యాల జిల్లాకేంద్రమైనది. ఆ దినమునుండి ఈ దారి స్వభావము మారినది. అంతకుపూర్వము కలెక్టరు కార్యాలయములో ఒక సంతకము కావలసినచో కర్నూలునకు 70 కిలోమీటర్లకు పైగా పోవలసివచ్చెడిది. అది నిత్యము చేయదగిన ప్రయాణము కాదు. ఇప్పుడు కార్యాలయములు చేరువైనవి. వానివెంట కోచింగు సెంటర్లు, ఆసుపత్రులు, దుకాణములు, వానిలో కొలువులు పెరిగినవి. పట్టణములో అద్దె భరింపలేనివారు పల్లెలోని సొంతయింటనే ఉండి రాకపోకలకు అలవాటుపడిరి. నూనెపల్లె, మూలసాగరము ఒకనాడు వేరు ఊళ్లు. నేడు నంద్యాలలో కలిసిపోయినవి. ఆ వరుసలో తరువాత ఎవరిదో చెప్పుటకు జ్యోతిష్కుడు అక్కరలేదు. దారిప్రక్క అరటితోటల నడుమ రంగురాళ్లు పాతిన ప్లాట్లు కనబడినపుడు అది తెలియుచునే యున్నది.

2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము ఏర్పడినది. దానినిగూర్చి మా బస్సులోని మగవారు వేసెడు ఛలోక్తులు ఇచట వ్రాయదగినవి కావు. నిలువబడి పోవలసివచ్చినందున నా మోకాళ్లు కూడ కొంత పక్షపాతముతోనే మాటాడును. కాని నేనెరిగిన విషయమొకటి చెప్పెదను. ఇంటరు ముగిసిన వెంటనే చదువు మానిపింపబడెడు ఆడపిల్లలను ఏటేట చూచినవాడను. తండ్రిని అడిగినచో, ‘ఫీజు కాదు సార్, దినమూ చార్జీలకు యాడ తెచ్చేది?’ అనెడివాడు. ఆ ప్రశ్నకు నావద్ద జవాబుండెడిది కాదు. ఇప్పుడు ఆ ప్రశ్న లేదు. మిగిలినది ఇంకొకటి: ‘చీకటి పడినంక బిడ్డ ఎట్లొచ్చును?’

ఈ రెండవ ప్రశ్న చిన్నది కాదు. 2024 జూన్ నెలలో మహానంది ఆలయపరిసరములలో చిరుతపులి పలుమారులు కనబడినది. అదే నెలలో నల్లమలలోని పచ్చెర్లవద్ద ఒక స్త్రీ చిరుతవాతబడి మరణించినది. ఆ దినములలో ఒక సాయంకాలము కళాశాలలో సమావేశము సాగదీసి, బస్సు తప్పించుకొంటిని, తప్పు నాదే. ఆటోలో వచ్చి, దారిలో దిగి, ఇంటికి పోవలసిన అరకిలోమీటరు దూరము సెల్‌ఫోను వెలుతురులో నడచితిని. నావెంట డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థిని ఒకతె దిగినది. ఆమె తండ్రి కర్ర, టార్చిలైటు పట్టుకొని మలుపులో నిలిచియుండెను. ఆయన నావైపు చూచి, ‘మీరున్నారని తెలిస్తే భయపడకపోదును సార్’ అనెను. నేనున్నంత మాత్రమున చిరుత ఏమగునో నాకు తెలియలేదు గాని, ఆయన ముఖము చూచి నవ్వలేకపోతిని. మరుసటి వారము మొదలు ఆ పిల్ల లైబ్రరీకి పోవుట మానినది. నాలుగింటి బస్సే ఆమె కళాశాలకు ముగింపుగంట అయినది.

బస్సునకు వెలుపల నిలిచినవారు శాఖానగరమన్నచో శ్రమయే చూతురు. మేము పోగొట్టుకొన్నది శ్రమకన్న సూక్ష్మమైనది: సాయంకాలము. వాలీబాలు ఆట, గ్రంథాలయపు బల్ల, తరగతి ముగిసినపిమ్మట గురువుతో కలిసి నడచుచు అడిగెడు సందేహము, ఇవియన్నియు నాలుగుగంటల తరువాత వికసించునవి. మా పిల్లలు ఆ వేళకు బస్సుమెట్లమీద ఉందురు.

ఉపాధ్యాయ సోదరులు క్షమించినచో ఇంకొక మాట. మేము పట్టణమునకు పోవు వేళకే పట్టణమునుండి ఊళ్లకు ఒక బస్సు వచ్చును. అందులో మా ఊళ్ల బడులలో చదువు చెప్పెడువారు ఉందురు. తిమ్మాపురము దాపున రెండు బస్సులు ఎదురుపడును. కిటికీలలోనుండి వారు చేయి ఊపుదురు, మేమును ఊపుదుము. పల్లెలో కాపురముండువాడు పట్టణములో పాఠము చెప్పబోవుచున్నాడు. పట్టణములో కాపురముండువారు పల్లెలో పాఠము చెప్పవచ్చుచున్నారు. నా బాల్యమున అయ్యవారి ఇల్లు బడిప్రక్కనే ఉండెడిది. దీపము వెలిగించినపిమ్మట ఎక్కాలు అప్పగింపని పిల్లవాడు ఆ అరుగుమీదనే అప్పగించవలెను. ఆ అరుగు ఎందుకు పోయినదని నిందించుటకు నాకు అధికారము లేదు. వారికిని పిల్లలున్నారు, ఆ పిల్లలకు పట్టణపు చదువు కావలెను. నేనును నా కుమారుని చదువుకొరకు మూడేండ్లు నంద్యాలలో అద్దెకు ఉంటిని. అందుచేత చేయి ఊపుట తప్ప వేరు చేయలేకున్నాను.

పోయిన సంవత్సరము మొదటి సంవత్సరపు తరగతికి ‘మా ఊరు’ అని వ్యాసమిచ్చితిని. ప్రతియేట వచ్చు వ్యాసములే వచ్చునని అనుకొంటిని: గుడి, చెరువు, తిరునాళ్లు. బస్సులో వచ్చు పిల్లలలో పలువురు ఊరికి మారుగా బస్సును వ్రాసిరి. కండక్టరు స్వభావము, ఏ సీటు స్ప్రింగు విరిగినది, శివరాత్రి ఉత్సవములలో తలుపు పట్టుకొని వ్రేలాడుట, అన్నియు నిజమైన పరిశీలనలు. ఒక పిల్లవాడు మాత్రము ఇట్లు వ్రాసెను: మా ఊరు చీకటిలో నాకు బాగుగా తెలియును, వెలుతురులో ఆదివారము మాత్రమే చూతును. వానికి ఎక్కువ మార్కులు వేసితిని. అక్షరదోషములు పదునొకండు ఉన్నను వేసితిని.

ఆ వ్యాసము చదివిన తరువాతి ఆదివారము నేను కోనేటికి పోతిని. ఊరిలోనే ఉండి ఎన్ని నెలలు దాని ముఖము చూడలేదో లెక్కించుకొనుటకు సిగ్గుపడితిని. నీరు ఎప్పటివలెనే అయిదడుగుల లోతున నిశ్చలముగా ఉన్నది. అడుగున పడిన నాణెము బొమ్మయో బొరుసో చెప్పవచ్చును. ఆలయములో ఊరి, కోనేట నిండి, వెలుపలికి పారెడు ఆ నీటితో సుమారు 2,000 ఎకరములు పండునని చెప్పుదురు. నల్లమల పాదమున వాన నమ్మలేని సీమలో అది ఏమి భాగ్యమో అరటిరైతును అడుగవలెను. ఆ నీటికి మాత్రము అప్ అండ్ డౌన్ లేదు.

మెట్లమీద ఒకామె బట్టలు పిండుకొనుచుండెను. ఎక్కడో చూచినట్లున్నది. ఆమెయే ముందుగా పలుకరించినది.

‘ఏం సార్, ఈ పొద్దు కాలేజీ లేదా?’

అప్పుడు గుర్తుపట్టితిని. తొమ్మిదేండ్లుగా మా బస్సులో డ్రైవరు వెనుకటి సీటులో కూర్చుండు ఆమె. నంద్యాలలో ఏదియో ఆసుపత్రిలో ఆయాగా పనిచేయును. ఏ దినము ఆమె రాకున్నను సీటు చూచి తెలిసికొందును. ఆదివారమమ్మా అని చెప్పి, ఇల్లెక్కడ అని అడిగితిని. మా వీధికి వెనుకవీధి. పేరు అడుగవలెనని నోటిదాక వచ్చినది గాని, తొమ్మిదేండ్ల తరువాత అడుగుట ఎట్లు?

‘రేపు ఏడింటి బండికే కదా సార్?’ అని ఆమె బిందె ఎత్తుకొన్నది.